రాజు మరణవార్త – చెప్పువారు, వినువారు

వేదపఠనము: 2 సమూయేలు 1:1–16, 2 సమూయేలు 18:19–33, 146వ కీర్తన



దేశమునేలు రాజుగాని రాణిగాని చనిపోయినప్పుడు టెలివిజన్‌వారు ఆ వార్తను ఎట్లు చెప్పుదురు, మనము దానిని ఎట్లు వినవలెను అనునది ఈ నెల పాఠము. మొవ్వ, కూచిపూడి, పామర్రు పల్లెలలో నాట్లు, కోతలు, మినుముల మధ్య దినములు గడుపుకొను మనకు ఎక్కడి రాజులు, ఎక్కడి వార్తలు అని కొందరికి తోచవచ్చును. అయితే నేడు టెలివిజన్ లేని యిల్లు అరుదు, చేతిలో ఫోను లేని యువకుడు ఇంకను అరుదు. మంచివార్త కాలినడకను వచ్చును గాని చావువార్త రెక్కలు కట్టుకొని వచ్చును. ఆ వార్త నిజమైనదో కాదో, తగిన సమయమున తగిన మాటలతో చెప్పబడినదో లేదో అనుదానిమీద కొన్నిసార్లు మనుష్యుల ప్రాణములే ఆధారపడియుండును. కావున ఇది మనము నేర్చుకొనవలసిన పాఠమే.

1. కబురు మోయువాడు

మన పెద్దల కాలమున ఒక యింట చావు జరిగినయెడల బంధువుల ఊళ్లకు మనిషిని పంపుచుండిరి. అతడు కాలువగట్టు వెంట నడచియో సైకిలు తొక్కియో పోయి కబురు చెప్పవలెను. గడపలో అడుగుపెట్టుచునే, పెద్దాయన పోయినాడని ఎవడును అనడు. “ఒంట్లో బాగుండలేదు, మిమ్ములను ఒకసారి రమ్మన్నారు” అనును. విన్నవారు అతని మొగము చూచి గ్రహించుకొందురు. ఆడబిడ్డ ప్రయాణమంతయు ఏడ్చుచు వచ్చినను, గడపలో కుప్పకూలిపోకుండ ఆ మాట కాపాడును. ఇది అబద్ధమా, దయయా అని వాదించుకొనవచ్చును గాని, చావు కబురు చెప్పుటకు ఒక పద్ధతి యుండవలెనని మన పల్లెలు ఎన్నడో ఎరుగును.

తరువాత తంతి వచ్చెను. తపాలా బంట్రోతు తంతి తెచ్చెననగానే విప్పి చదువక మునుపే ఇంటిల్లిపాది ఏడ్చిన దినములు వృద్ధులకు జ్ఞాపకమే. 2013 జులై నెలలో మన దేశమున తంతి సేవ ముగిసెను. ఇప్పుడు ఆ పని టెలివిజన్‌ది, ఫోనుది. కబురు మోయువాడు మారెను గాని అతని బాధ్యత మారలేదు.

2. ముందు పరుగెత్తినవాడు

రెండవ సమూయేలు గ్రంథము 18వ అధ్యాయమున ఇద్దరు వార్తాహరులున్నారు. అబ్షాలోము చనిపోయెను. సాదోకు కుమారుడైన అహిమయస్సు నేను పరుగెత్తిపోయి రాజునకు చెప్పెదనని యోవాబును వేడుకొనెను. రాజకుమారుడు చనిపోయినందున ఈ దినమున నీవు పోవలదని యోవాబు వారించి కూషీయుని పంపెను. అయినను అహిమయస్సు ఊరకుండక మరల మరల అడిగి, మైదానపు దారిని పరుగెత్తి కూషీయుని దాటిపోయెను.

అతడు ముందు చేరెను సరే. అయితే చిన్నవాడు క్షేమముగా ఉన్నాడా అని దావీదు అడిగినప్పుడు, పెద్ద గలిబిలి చూచితిని గాని అదేమో నాకు తెలియలేదని చెప్పెను. యోవాబు నోటనే ఆ మరణము విన్నవాడు రాజు ఎదుట నిలిచి అసలు మాటను మ్రింగివేసెను. అప్పుడు రాజు అతనిని ప్రక్కకు తొలగి నిలువుమనెను. వెనుక వచ్చిన కూషీయుడే సంగతి తెలిపెను. ముందు వచ్చినవాడు చెప్పలేకపోయెను, చెప్పగలిగినవాడు వెనుక వచ్చెను. వేగముగా కాళ్లు కదల్చుట వేరు, వార్త మోయుట వేరు. వార్తలు చెప్పు సంస్థలన్నిటికిని మన ఫోనులకును ఈ అధ్యాయము అద్దము వంటిది.

3. రేడియో దినములు

విక్టోరియా రాణి 1901 జనవరి 22న చనిపోయినప్పుడు ఆ వార్త తంతి తీగెలమీద లోకమంతట వ్యాపించెను. రేడియో వచ్చిన తరువాత రాజు గదిలోని మాట అదే గంటలో ప్రజల యిండ్లలో వినబడసాగెను.

1936 జనవరి 20 రాత్రి ఐదవ జార్జి చక్రవర్తి సాండ్రింగ్‌హామ్‌లో మరణశయ్యమీద ఉండెను. రాజు జీవితము ప్రశాంతముగా ముగింపునకు వచ్చుచున్నదను భావముతో అతని వైద్యుడు లార్డ్ డాసన్ వ్రాసిన చిన్న ప్రకటనను బి.బి.సి. రేడియో ఆ రాత్రి మరల మరల చదివెను. అర్ధరాత్రికి కొన్ని నిమిషములు ముందు రాజు చనిపోయెను. ఆ మృదువైన మాటలను జనులు చాల కాలము మెచ్చుకొనిరి.

అయితే 50 సంవత్సరముల తరువాత, 1986లో, ఆ వైద్యుని స్వంత వ్రాతలు బయటపడెను. రాజు స్పృహలేక యుండగా ఆయనకు మార్ఫియా, కొకెయిన్ సూదిమందులిచ్చి మరణమును త్వరపరచితినని డాసన్ వ్రాసియుంచెను. ఆయన చెప్పిన కారణములలో ఒకటి మనలను నిర్ఘాంతపరచును. మరణవార్త సాయంకాలపు చిల్లర పత్రికలలో కాక, ఉదయమున వెలువడు గౌరవనీయమైన పత్రికలో మొదట రావలెననునదే ఆ కారణము. చావు వచ్చిన తరువాత వార్త రావలసియుండగా వార్త కొరకు చావునే తొందరపెట్టిరి. సంగతి కంటె దానిని చెప్పుట ముఖ్యమైనప్పుడు మనుష్యుడు ఎంత దూరము పోవునో దీనివలన నేర్చుకొనవచ్చును.

1952 ఫిబ్రవరి 6న ఆరవ జార్జి రాజు నిద్రలోనే చనిపోయెను. బి.బి.సి. రేడియో ఉదయము 11.15 గంటలకు ప్రకటించి, వార్తలవంటి అవసరమైనవి తప్ప తక్కిన కార్యక్రమములను ఆ దినమునకు నిలిపివేసెను. రాజకుమార్తె ఎలిజబెత్ ఆ సమయమున ఆఫ్రికాలోని కెన్యా దేశమున ఉండెను. తండ్రి చనిపోయిన సంగతి ఆమెకు కొన్ని గంటలు ఆలస్యముగా తెలిసెను. రాణియై యుండియు ఆమె ఆ సంగతి ఎరుగకుండెను. ఆ నెల 15న జరిగిన అంత్యయాత్రను టెలివిజన్‌లో చూపిరి. నాటికి టెలివిజన్ బ్రిటనులోనే కొద్ది యిండ్లలో ఉండెను. మన ప్రాంతమున 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణియే పెద్ద వింతగా ఉండిన కాలమది.

4. టెలివిజన్ ఎట్లు సిద్ధపడును?

రాజు మరణవార్త టెలివిజన్‌లో అకస్మాత్తుగా కనబడినను దాని సిద్ధపాటు ఎంతో ముందుగా జరుగును. వృద్ధులైన ప్రముఖుల జీవితచరిత్ర చిత్రములను వారు బ్రదికియుండగనే తయారుచేసి భద్రపరచెదరు. ఏ మాటలతో ప్రారంభింపవలెను, ఏ దుస్తులు ధరింపవలెను, ఏ కార్యక్రమములను తీసివేయవలెను అనునవి ముందే వ్రాసియుంచెదరు. నాటకమునకువలె ఒత్తిగలు కూడ జరుగును. ఎలిజబెత్ రాణి విషయమై ప్రభుత్వము చేసిన ఏర్పాటునకు “లండన్ బ్రిడ్జి” అను మారుపేరు ఉండెను. ఆమె స్కాట్లాండులో చనిపోయినయెడల చేయవలసిన దానికి “యూనికార్న్” అని వేరొక పేరుండెను.

సిద్ధపాటులో అపాయము కూడ కలదు. 2015 జూన్‌లో బి.బి.సి. వారు అట్టి ఒత్తిగ చేయుచుండగా, వారి ఉద్యోగియొకరు అది నిజమనుకొని రాణి ఆరోగ్యమును గూర్చి తప్పువార్తను ఇంటర్నెట్టులో పెట్టిరి. బి.బి.సి. క్షమాపణ చెప్పుకొనెను. రాణియో, మరి ఏడు సంవత్సరములు బ్రదికెను.

2022 సెప్టెంబరు 8, గురువారము. మధ్యాహ్నము 12.30 గంటల ప్రాంతమున, వైద్యులు రాణి ఆరోగ్యమును గూర్చి ఆందోళన చెందుచున్నారని రాజభవనము ప్రకటించెను. మన పల్లెలోని “ఒంట్లో బాగుండలేదు, రమ్మన్నారు” అను కబురును ఇది మనకు జ్ఞాపకము చేయును. రాణి పిల్లలందరు స్కాట్లాండులోని బాల్మోరల్‌కు బయలుదేరిరి. బి.బి.సి. తన మామూలు కార్యక్రమములను నిలిపివేసెను. వార్త చదువువారు నల్లని టై కట్టుకొనిరి. ఇందులకు వెనుక కథయున్నది. 2002లో రాజమాత చనిపోయినప్పుడు ఎరుపురంగు టైతో వార్త చదివిన ఒకరిని జనులు బహుగా విమర్శించిరి.

రాణి మధ్యాహ్నము 3.10 గంటలకు చనిపోయెనని మరణధృవీకరణ పత్రమువలన తరువాత తెలిసెను. లోకమునకు ప్రకటించినది సాయంకాలము 6.30 గంటలకు, అనగా మనకు రాత్రి 11 గంటలకు. ఆ మధ్య మూడు గంటల ఇరువది నిమిషములు టెలివిజన్‌వారు ఏమి చేయవలెను? తెలియనిదానిని చెప్పరాదు, తెలిసినది చాల తక్కువ. భవనపు గుమ్మమును, వానను, పోవుచున్న కార్లను చూపుచు, ప్రకటించబడిన నాలుగు మాటలనే తిరిగి చెప్పుచుండిరి. వారిలో ఒకరు తొందరపడి రాణి చనిపోయెనని ఇంటర్నెట్టులో ముందే వ్రాసి, పిమ్మట తీసివేసి క్షమాపణ చెప్పిరి. అహిమయస్సు పరుగు అన్ని కాలములలోను ఉన్నది. అయినను ముఖ్య ప్రసారమున మాత్రము రాజభవనము చెప్పువరకు ఆగిరి. మనము మెచ్చుకొనవలసినది ఆ నిలుకడను.

మన కూచిపూడి భాగవతములో సూత్రధారుని చూచినవారికి ఇది సులభముగా బోధపడును. తెర వెనుక రాజవేషము సిద్ధముగా ఉండును. సూత్రధారుడు ముందుకు వచ్చి ఎవరు రానైయున్నారో చెప్పి ప్రక్కకు నిలుచును. తానే కిరీటము పెట్టుకొని రంగము మధ్యకు రాడు. పాత్ర రాకమునుపే వచ్చెననియు చెప్పడు. మంచి వార్తాహరుడును అట్టివాడే. జనులు చూడవలసినది చనిపోయినవారిని, దుఃఖించువారిని, జరుగుచున్న కార్యమును. వార్త చదువువాని కన్నీళ్లను, పాండిత్యమును, ముందుగా చెప్పితినను గొప్పను కాదు.

మితము తప్పుట కూడ తప్పే. 2021 ఏప్రిల్ 9న రాణి భర్తయైన ఫిలిప్ రాజకుమారుడు చనిపోయినప్పుడు బి.బి.సి. తన ఛానెళ్లన్నిటిలో అదే విషయమును ఎడతెగక ప్రసారము చేసెను. ఇది మిక్కిలి ఎక్కువైనదని లక్షకు పైగా ఫిర్యాదులు వచ్చెను. దుఃఖమును జనులమీద మోపరాదు, మోపినయెడల అది విసుగగును.

మరియొక సంగతి. వెస్ట్‌మిన్‌స్టర్ హాలులో రాణి పేటికను ఉంచినప్పుడు జనులు వరుసగా పోవుటను రాత్రింబగళ్లు టెలివిజన్‌లో చూపుచుండిరి. ఒక రాత్రి కావలి కాయుచున్న సైనికుడొకడు స్పృహ తప్పి ముందునకు పడిపోయెను. వెంటనే ఆ దృశ్యమును మార్చి వెలుపలి భవనమును చూపిరి. పడిపోయిన మనుష్యుని లోకమునకు తమాషాగా చూపలేదు. కెమెరాకు కన్ను మాత్రమే కాదు, రెప్ప కూడ ఉండవలెనని ఇందువలన గ్రహింతము.

5. మన దేశపు సంగతులు

ఈ విషయములు పరదేశమునకు మాత్రమే చెందినవి కావు. మన దేశమున రాజరికము పోయెను గాని రాజులవలె ప్రేమింపబడిన నాయకులున్నారు, వారి మరణవార్తలు మనలను పరీక్షించినవి.

1979 మార్చి 22న లోకనాయక్ జయప్రకాశ్ నారాయణ్ చనిపోయెనను వార్త ఢిల్లీకి చేరెను. పార్లమెంటులో ప్రధానమంత్రి ప్రకటించెను, సంతాపము తెలిపి సభను వాయిదా వేసిరి. ఆకాశవాణి దేశమంతటికిని చాటెను. అయితే బొంబాయి ఆసుపత్రిలో ఆయన ఊపిరితోనే ఉండెను. ఆయన చనిపోయినది అక్టోబరు 8న, ఆరు నెలలు దాటిన తరువాత. ఎంత పెద్దవారి నోట వచ్చినను, రోగి ప్రక్కనున్నవారిని అడుగక చెప్పిన వార్త వార్త కాదు.

1984 అక్టోబరు 31న శ్రీమతి ఇందిరాగాంధీపై ఉదయమున కాల్పులు జరిగెను. విదేశీ రేడియో ముందుగనే ఆమె మరణమును చెప్పగా, ఆకాశవాణి సాయంకాలమున గాని అధికారముగా ప్రకటింపలేదు. ఇది మౌనము మితిమీరిన సంగతి. చెప్పవలసినవాడు చెప్పనప్పుడు వీధి చెప్పును, వీధి చెప్పునది పెరిగి పెరిగి వేరొకటగును. తరువాత దూరదర్శన్ ఆమె భౌతికకాయమును దర్శించు జనులను చూపుచుండగా, నెత్తురునకు నెత్తురు అను ప్రతీకార కేకలు కూడ ప్రసారమున వినబడినవని అనేకులు సాక్ష్యమిచ్చిరి. ఆ దినములలో ఢిల్లీలోనే 2,733 మంది సిక్కులు చంపబడిరని ప్రభుత్వపు లెక్క. ఆ హత్యలకు కారణము టెలివిజన్ ఒక్కటే యని మేము చెప్పము. కాని మండుచున్న యింటిమీద ఏమి పోయుచున్నామో చూచుకొనవలసిన బాధ్యత ప్రసారకులకు ఉన్నది.

2009 సెప్టెంబరు 2 మన తెలుగువారు మరువలేని దినము. ముఖ్యమంత్రి డాక్టరు వై.యస్. రాజశేఖరరెడ్డిగారు చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు నల్లమల అడవులమీద కనబడకుండ పోయెను. అప్పటికి మన భాషలో పగలు రాత్రి వార్తలు చెప్పు ఛానెళ్లు అనేకములు వచ్చియుండెను. క్షేమముగా దిగెననియు, రోడ్డుమీద వచ్చుచున్నారనియు ఒక గంటలోను, జాడ తెలియలేదని మరియొక గంటలోను వార్తలు వచ్చెను. పల్లెలలో జనులు టెలివిజన్ల ముందు అన్నము మరచి కూర్చుండిరి. మరునాడు ఉదయమున పావురాలగుట్టమీద శకలములు కనబడెను. సెప్టెంబరు 4న ఇడుపులపాయలో క్రైస్తవ పద్ధతిని ఆయనను సమాధి చేసిరి. ఆ దినములలో ఆ వార్త విని గుండె ఆగి చనిపోయినవారిని గూర్చియు, ప్రాణము తీసికొనినవారిని గూర్చియు వార్తలు వెంటవెంట వచ్చెను. బలహీనమైన హృదయములు వినుచున్నవని ఎరిగి చెప్పవలెను. మరణములను పోటీ లెక్కలవలె చెప్పుచుండినయెడల, నిరాశలో ఉన్నవానికి అది త్రోవ చూపినట్లగును.

అంతటితో తీరలేదు. 2010 జనవరిలో, ఆ ప్రమాదము వెనుక ఒక పెద్ద వ్యాపారసంస్థ కుట్రయున్నదని విదేశపు ఇంటర్నెట్టు పత్రికయొకటి వ్రాసినదానిని మన ఛానెళ్లు కొన్ని సాక్ష్యము విచారింపకయే ప్రసారము చేసెను. ఆ రాత్రియే రాష్ట్రమున పలుచోట్ల ఆ సంస్థ దుకాణములమీద దాడులు జరిగెను. పోలీసులు కొందరు విలేఖరులను అరెస్టు చేసిరి. దుఃఖములోనున్న జనమునకు శత్రువును చూపించుట ఎంత సులభమో, ఎంత భయంకరమో చూడుడి.

దీనికి భిన్నముగా నెమ్మదిగా గడచిన సంగతి కూడ ఒకటి కలదు. హైదరాబాదును పాలించిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరి 24న చనిపోయెను. హైదరాబాదులో దూరదర్శన్ ఇంకను రాలేదు, అది 1977లో వచ్చెను. ఆయన మనుమడు ముకర్రంజా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో చనిపోగా, భౌతికకాయమును హైదరాబాదునకు తెచ్చి, చౌమహల్లా ప్యాలెస్‌లో జనుల దర్శనమునకు ఉంచి, 18న మక్కా మసీదులో ఖననము చేసిరి. రాజ్యము 1948లోనే పోయెను, రాజబిరుదులు 1971లో రాజ్యాంగ సవరణతో పోయెను. అయినను టెలివిజన్ ముందు జనులు కూర్చుండిరి. సింహాసనము లేకపోయినను రాజు చావు మనుష్యులను ఆలోచింపజేయును.

6. చేర్చి చెప్పినవాడు

ఇప్పుడు రెండవ సమూయేలు మొదటి అధ్యాయమునకు పోవుదము. సౌలు గిల్బోవ కొండమీద చనిపోయిన మూడవ దినమున ఒక అమాలేకీయుడు చినిగిన బట్టలతోను, తలమీద మట్టితోను సిక్లగునకు వచ్చెను. వేషము దుఃఖమునకు తగియుండెను. అయినను దావీదు వేషమును చూచి నమ్మలేదు. సౌలును యోనాతానును మరణమైరని నీకు ఎట్లు తెలిసెనని అడిగెను. ఈ ప్రశ్నయే నేటి పాఠమునకు మూలరాయి.

అతడు తానే సౌలును చంపితినని చెప్పి కిరీటమును కంకణమును చూపెను. మొదటి సమూయేలు 31వ అధ్యాయము చదివినయెడల సౌలు తన కత్తిమీద తానే పడి చనిపోయెనని యున్నది. బహుమానము దొరకునని ఆశించి అతడు కథకు తన్ను తాను చేర్చుకొనెను. నిజమైన మరణమునకు అబద్ధపు అంచు కుట్టెను. అతని చేతిలోని కిరీటము నిజమైనదే, నోటిలోని కథ కాదు. నేడును నిజమైన చిత్రము క్రింద అబద్ధపు మాటలు వ్రాసి పంపువారు కలరు. చిత్రము నిజమైనంతమాత్రమున మాట నిజము కాదు. ఆ చేర్పు అతని ప్రాణమునే తీసెను.

7. స్తోత్రమును సత్యమును

దావీదు సౌలును గూర్చి ప్రలాపగీతము పాడెను. తన్ను కొండలలో తరిమినవానిని గూర్చి ఆ దినమున చెడ్డమాట పలుకలేదు. శత్రువుల పట్టణములలో ఈ వార్త వేడుక కాకూడదని కోరెను. అయితే సౌలు తప్పులను లేఖనము దాచిపెట్టలేదు. దుఃఖదినమునకు ఒక మాట, చరిత్రకు ఒక మాట అవసరమని ఇందులో చూడగలము. యెహోరామును గూర్చి రెండవ దినవృత్తాంతములు ఎంత నిష్కపటముగా చెప్పుచున్నదో చదువుడి. అతడు పోయినందుకు ఎవరును విచారింపలేదని వ్రాసియున్నది.

ఎలిజబెత్ రాణి చనిపోయినప్పుడు మనకును ఈ ప్రశ్న వచ్చెను. ఆమెతో మన సంఘములకు ఒక మధురమైన సంబంధమున్నది. 1983 నవంబరు 20, ఆదివారమున, తన 36వ వివాహదినమున, ఆమె సికింద్రాబాదు బొల్లారములోని హోలీ ట్రినిటీ దేవాలయమున భర్తతో కూడ ఆరాధనలో పాలుపొందెను. మరియొక ప్రక్క, ఆమె పూర్వికుల సామ్రాజ్యము మన దేశమున చేసినది కూడ కలదు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో కురిసిన గుండ్లను ఎవరు మరువగలరు? 1997లో ఆమె అక్కడకు వచ్చి పుష్పగుచ్ఛముంచి తలవంచెను గాని క్షమాపణ పలుకలేదు. ఆమె మరణదినములలో స్తోత్రము చెప్పినవారు ఉండిరి, పాత గాయములను జ్ఞాపకము చేసినవారును ఉండిరి. బ్రిటను టెలివిజన్‌లో మొదటిది పెద్ద స్వరముతోను రెండవది చిన్న స్వరముతోను వినబడెనని అనేకుల విమర్శ. మా తలంపు ఇది: శవపేటిక ఎదుట తిట్టరాదు, శవపేటిక చాటున చరిత్రను పాతిపెట్టరాదు.

మన దేశము ఈ రెంటిని ఎట్లు సరిపుచ్చుకొనెనో చూడుడి. 2022 సెప్టెంబరు 11న భారత ప్రభుత్వము సంతాపదినము పాటించి జాతీయ పతాకమును సగమునకు దించెను. ఆ పతాకమునకు తొలి నమూనాను 1921లో విజయవాడలో గాంధీగారికి అర్పించిన పింగళి వెంకయ్యగారు మన కూచిపూడి ప్రక్కనున్న భట్లపెనుమర్రులో పుట్టినవారే. ఏ రాజ్యమును వెళ్లగొట్టుటకు ఆ జెండా ఎత్తబడెనో, ఆ రాజ్యపు రాణి కొరకు ఆ జెండాయే స్వేచ్ఛగా వంగెను. బానిస వంగుటకును, స్వతంత్రుడు మర్యాదకై తలవంచుటకును ఎంత భేదమున్నదో తల్లిదండ్రులు పిల్లలకు చెప్పవచ్చును.

8. తెరమీద కడపటి దృశ్యము

సెప్టెంబరు 19న అంత్యక్రియలు జరిగెను. మన రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ముగారు హాజరైరి. బ్రిటనులోనే 2 కోట్ల 50 లక్షలకు పైగా జనులు టెలివిజన్‌లో చూచిరి. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఆరాధన జరుగుచుండగా వ్యాఖ్యాతలు చాల సేపు మాటలాడలేదు. వాక్యము చదువబడినప్పుడును, ప్రార్థన జరిగినప్పుడును, రెండు నిమిషముల నిశ్శబ్దమునందును వారు నోరు మూసికొనిరి. చెప్పుటయే జీవనోపాధిగా గలవారికి ఊరకుండుట కష్టమైన పని. ఊరకుండుట కూడ వార్త చెప్పుటలో భాగమే.

సాయంకాలమున విండ్సరులోని దేవాలయమున, పేటికమీదనుండి రాజదండమును, గోళమును, కిరీటమును ఒక్కొక్కటిగా తీసి బలిపీఠముమీద పెట్టిరి. ఆమె కొలువులో ముఖ్యాధికారి తన కర్రను విరిచి పేటికమీద ఉంచెను. తరువాత కిరీటము లేని పేటిక నేల క్రిందికి దిగెను. 70 సంవత్సరములు ఏలిన రాణి మన ఊరి కూలి మనిషివలె ఏమియు లేక వెళ్లెను. రాజులయందు నమ్మిక యుంచవద్దనియు, వారి ఊపిరి పోయిన దినముననే వారి యోచనలు నశించుననియు 146వ కీర్తన బోధించునది ఇదే. టెలివిజన్ ఆ దినమున వ్యాఖ్యానము లేకయే ఈ పాఠము చెప్పెను.

9. మన యిండ్లలో, మన సంఘములలో

ఇక మనము చేయవలసినదేమి? మన చేతిలో ఫోనున్న దినమునుండి మనమును వార్తాహరులమైతిమి. పొరుగూరి పెద్ద చనిపోయెనని వాట్సాప్‌లో ఎవరో పెట్టినదానిని ముందు వెనుక చూడక పది గుంపులకు పంపినప్పుడు, ఆసుపత్రిలో అతని ప్రక్కనున్న కుమార్తె ఫోనుకు కూడ అది చేరును. బ్రదికియున్న తండ్రికి ఆమె అక్కడ శ్రద్ధాంజలి చదువుకొనును. హైదరాబాదులో చదువుకొను కుమారునికి తండ్రి చావు మేనమామ నోట గాక స్నేహితుల గుంపులోని పూలదండ బొమ్మ ద్వారా తెలియును. ఇట్టి గాయము చిన్నది కాదు. కాబట్టి ఈ నాలుగు నియమములను కుటుంబ ప్రార్థనలో కలిసి ఆలోచించుడి.

మొదటిది, దావీదు ప్రశ్న. ఏ మరణవార్త వచ్చినను ఇది నీకు ఎట్లు తెలిసెనని అడుగుడి. చూచినవాడా, విన్నవాడా, ఊహించినవాడా? ఇంటివారు చెప్పిరా? జవాబు లేనియెడల ఆ వార్తను మీయొద్దనే నిలుపుడి.

రెండవది, దగ్గరవారికి ముందు. భార్యకు, బిడ్డలకు, తోబుట్టువులకు మనిషి నోట కబురు చేరువరకు ఫోనులో పెట్టకుడి. ప్రమాదస్థలమందు శవముల చిత్రములు తీయకుడి. కెమెరాకు రెప్ప వేయుడి.

మూడవది, చేర్చకుడి. ఎందుచేత చనిపోయెను, ఎవరు కారణము, ఏ పాపమునకు శిక్ష అని మనము తీర్పరులము కారాదు. అమాలేకీయుని అంచు మన నోట కుట్టబడకూడదు. ఏ కులమువారినైనను, మతమువారినైనను నిందించు వార్త వచ్చిన దినమున మరింత జాగ్రత్తగా ఉండుడి.

నాలుగవది, లేచి పోవుడి. టెలివిజన్ ముందు కూర్చుండి దూరపు రాణికి కన్నీరు కార్చుట సులభము. చావు జరిగిన పొరుగింటికి పోయి కుండెడు నీళ్లు తెచ్చి పెట్టుట, పిల్లలకు అన్నము వండుట, రాత్రి తోడుగా కూర్చుండుట కష్టము. విధవరాలి గడపలో చేసిన ఆ సేవకు ఏ ఛానెలును రాదు. అయినను వార్త విన్నందుకు ఫలము అదియే.

సంఘములో చర్చించుటకు: అహిమయస్సు పరుగును కూషీయుని పరుగును పోల్చుడి. వారిలో ఎవరివలె మనము తరచుగా నడచుచున్నాము? సత్యము చెప్పుటలో ఆలస్యము ఎప్పుడు దయయగును, ఎప్పుడు అన్యాయమగును? మన ఊరిలో మరణవార్త అందించుటకు సంఘపెద్దలు ఎట్టి ఏర్పాటు చేయగలరు?

మీ గడపకు వచ్చు ప్రతి కబురును సత్యముతోను కనికరముతోను మోయుటకు ప్రభువు మీకు సహాయము చేయునుగాక.